తోకను అడగండి

హిందూపురంలో మా వీధి మలుపున మాంసం అంగడి నడిపిన పెద్దాయన మొన్న బుధవారం కన్నుమూశారు. ఆ కబురు చెప్పిన పక్కింటాయన "మంచి మనిషి సార్" అని నిట్టూర్చాడు. ఆ మాట అవసరమైన రోజుల్లో అతడు వేరే అంగడికి పోయేవాడు. పోయినవారిని పొగడటం మా వీధికి ఎప్పుడూ చౌక బేరమే.

పెద్దాయనకు ఒక నియమం ఉండేది. వేలాడదీసిన పొట్టేలుకు తోక కోసేవారు కాదు. చివరి ముక్క అమ్ముడయ్యేదాకా అది అలాగే ఉండేది. "గొర్రె తోక కిందికుంటాది, మేకది పైకి నిక్కుతాది. నా మాటెందుకు సార్, తోకను అడగండి" అనేవారు. ముప్పై ఏళ్ల ఆదివారాలు నేను ఆ తోకను చూసే కొన్నాను.

నిరుడు మా ఇంటి విందుకు ధర్మవరం నుంచి వియ్యంకుడు వచ్చాడు. ఒక ముక్క నమిలి, పదిమంది ఎదుట, "ఏం బావా, మేకను పెట్టి పొట్టేలంటాండావు?" అని నవ్వాడు. జంతుశాస్త్రమంతా తన పళ్లలోనే ఉందని నమ్మే మనిషి. ఉప్పు ముందే వేసి ముక్కను గట్టిపరచిన వంటవాణ్ణి ఎవరూ అనుమానించలేదు.

ఆ అవమానంతో మరునాడే నేను ఆహార భద్రతాధికారికి అర్జీ రాశాను. నాలుగు పుటలు. ఒక్క అక్షరదోషం లేదు. ఒక్క నిజమూ లేదు. మా ఫ్రిజ్‌లో మిగిలిన పచ్చి ముక్కను, అంగడిలోని ముక్కను సీలు వేసి డీఎన్ఏ పరీక్షకు హైదరాబాదు పంపారు.

ఫలితం రాకముందే వీధి తీర్పు చెప్పేసింది. అంగడి ముందు జనం పలచబడ్డారు. నేను సైతం పెనుకొండలో కొని, సంచిపైన దినపత్రిక కప్పి తెచ్చుకున్నాను.

రెండు నెలలకు కాగితం వచ్చింది: రెండు ముక్కలూ గొర్రెవే. అంత దూరం పంపితే యంత్రాలు కనిపెట్టినది, ఆ తోక రోజూ చెబుతున్నదే. వియ్యంకుడికి ఫోను చేస్తే, "మిషన్లు గూడా తప్పు చెప్తాయిలే బావా" అన్నాడు. ఆయన పళ్లు మాత్రం చెప్పవు.

ఆ ఆదివారం అంగడికి వెళ్లి, ఆ కాగితాన్ని పటం కట్టించి గోడకు తగిలించమన్నాను. క్షమించమనడానికి నోరు రాక అన్న మాట అది. పెద్దాయన కత్తి తుడుచుకుంటూ, "ముప్పై ఏండ్లు తోకను చూసి నమ్మనోళ్లు, కాగితం చూసి నమ్ముతారా సార్" అన్నారు.

ఆ తరువాత కూడా నాకు మంచి ముక్కలే కోసి ఇచ్చారు. ఒక్క పరుషమైన మాట అనలేదు. అయితే, నేను మెట్టెక్కగానే, ఏమీ అడగకముందే, కొక్కేన్ని తిప్పి తోకను నా వైపు చేసేవారు. నేను చూసేదాకా కత్తి ఎత్తేవారు కాదు.