వెలివేసిన కాగితంలో పెళ్ళి

ఈ మూడేళ్ళలో నా కళ్ళద్దాల నంబరు రెండుసార్లు మారింది. తప్పు స్కూలు పిల్లల ఆన్సరు పేపర్లది కాదు, ఎప్పుడో పోయినవాళ్ళ పెళ్ళి రిజిస్టర్లది. ఇక్కడ గల్ఫ్‌లో, ఈసా టౌన్ స్కూల్లో పొద్దంతా లెక్కలు చెప్పి, ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని మా ఫ్లాటుకు చేరి, ఇంత అన్నం తిని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను. స్కాను చేసిన పేజీలు ఒక్కొక్కటే తిప్పుతాను. అన్నీ పాతకాలపు ఇంగ్లీషు కోడిగీతలు. చాలాసార్లు ఎవరిదో పెళ్ళి మధ్యలోనే నిద్రపోయాను.

ఇదంతా అమ్మ కోసం. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆమెకు ఒకటే తెలియాలి. గోదావరి జిల్లాకు నీలిమందు కొనడానికి వచ్చిన ఒక తెల్లదొర, అమ్మకు ముత్తవ్వ అయిన ఆవిడను పెళ్ళి చేసుకున్నాడా, ఉంచుకున్నాడా? ఆ దొర ఇంటిపేరు అమ్మ పుట్టింటివాళ్ళకు మిగిలింది. దానితోపాటు ఒక మాట కూడా మిగిలింది. సంఘంలో ఏ చిన్న తగాదా వచ్చినా ఎవరో ఒకరు “దొర ఉంచుకున్నదాని సంతతి” అనేవాళ్ళట. మా నాన్న తరఫువాళ్ళు పెళ్ళిచూపులకు వచ్చి, ఫలహారం తింటూనే ఆ సంగతి అడిగారట. అమ్మ తల వంచుకుని కూర్చుందట. ఆ రోజు గురించి చెప్పినప్పుడల్లా ఇప్పటికీ తల వంచుకునే చెబుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

మా క్రైస్తవుల ఇళ్ళల్లో పెళ్ళంటే మూడు ఆదివారాలు గుళ్ళో ప్రకటన చదవాలి, పాస్టరు గారు జరిపించాలి, రిజిస్టరులో సాక్షులు సంతకాలు పెట్టాలి. రిజిస్టరులో లేనిది పెళ్ళే కాదు. నాకూ అదే లెక్క. అందుకే మిషన్ల పెళ్ళి రిజిస్టర్లు తప్ప ఇంకేమీ వెతకలేదు. దొరికిన ప్రతి చోటికీ ఉత్తరం రాశాను. ఒకరు పుస్తకాలు చెదలు తినేశాయన్నారు. ఇంకొకరు మా కుటుంబం కోసం ప్రార్థిస్తున్నామన్నారు. రిజిస్టరు అడిగితే ప్రార్థన పంపితే ఏం చేసుకోను?

పోయిన ఏడాది ఒక పేజీ దొరికింది. అది పెళ్ళిది కాదు, వాళ్ళ బిడ్డ బాప్తిస్మంది. తండ్రి అన్న చోట దొర పేరు, ఇంగ్లండులో అతని ఊరు, నీలిమందు వ్యాపారం అని చక్కగా రాసి ఉంది. తల్లి అన్న చోట ‘స్వదేశీ స్త్రీ’. అంతే. తల్లిదండ్రుల పెళ్ళి వివరం రాయాల్సిన గడిలో అడ్డంగా ఒక గీత. ఆమె ఎదురుగా బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంటే, పేరేమిటమ్మా అని అడగడానికి రాసినవాడికి నోరు రాలేదా? ల్యాప్‌టాప్ మూసేశాను. ఏమైనా దొరికిందా అని అమ్మ అడిగితే లేదన్నాను. ఆ తరవాత ఏడాది పాటు లేదంటూనే ఉన్నాను. అబద్ధం ఆడటంకన్నా అడగని రోజుల్లో ఆమె నా మొహంకేసి చూడటమే ఎక్కువ అలసటగా ఉండేది.

శనివారాలు అవాలిలో ఒక ఇంగ్లీషు కుటుంబంలో అమ్మాయికి లెక్కల ట్యూషన్ చెప్పేదాన్ని. నాలుగ్గోడల మధ్య విసుగ్గా ఉందంటే ఒకరోజు అమ్మను వెంట తీసుకెళ్ళాను. పాఠం అయ్యాక ఆ ఇంటి మామ్మగారు మమ్మల్ని భోజనానికి ఉండమంది. అమ్మ తన అలవాటు ప్రకారం కంచం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. పెదవులు కూడా కదపదు. వాళ్ళ పుట్టింట్లో అందరిదీ అదే పద్ధతి. మా శుక్రవారం తెలుగు కూటంలో అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థన చేస్తుంటే ఈవిడ ఇలాగే కూర్చుంటుంది. “మీ అమ్మగారికి ప్రార్థన రాదేమోనండి, పాపం” అని ఒకావిడ నా దగ్గర జాలిపడింది కూడా.

మామ్మగారు జాలిపడలేదు. చేతిలో చెంచా కింద పెట్టి, తనూ చేతులు ఒళ్ళోకి తీసుకుని అమ్మతోపాటు కూర్చుంది. తరవాత మీవాళ్ళు క్వేకర్లా అని అడిగింది. ఆమె తల్లి తరఫువాళ్ళు క్వేకర్లట, క్రైస్తవుల్లోనే అదో శాఖ. వాళ్ళకు పాస్టరు లేడు, పాటల్లేవు, మౌనంగా కూర్చోవడమే ఆరాధన. పెళ్ళీ అంతేనట. ఆ మౌనంలో ఇద్దరూ లేచి మాట ఇచ్చుకుంటారు, వచ్చినవాళ్ళంతా సంతకాలు పెడతారు. భోజనం ముందు మౌనం కూడా వాళ్ళ పద్ధతే.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. మూడు పూటలా నా ఎదురుగా అమ్మ చేస్తున్నదాన్ని, ఆ దొర నుంచే వచ్చి ఉండాల్సిన ఆ మౌనాన్ని వదిలేసి మిషన్ల బీరువాల వెంట పడ్డాను. తిరుగు దారిలో నా మీద నాకే కోపం వచ్చింది. అమ్మ మాత్రం ఆవిడ వండిన చేపలో ఉప్పు తక్కువైందని చెప్పింది.

ఇంగ్లండులో ఆ దొర సొంత ఊరి క్వేకర్ల పాత పుస్తకాలు దాచిన చోటికి రాశాను. రెండు నెలల తరవాత జవాబు వచ్చింది. పుస్తకాలు చూసే పెద్దాయన ఓపిగ్గా రాశాడు. పెళ్ళిళ్ళ పుస్తకంలో ఆ దొర పేరు లేదన్నాడు. అక్కడే ఆపేసి పడుకుందామనిపించింది. కాని కింద ఇంకో పేజీ ఉంది. వాళ్ళ నెలవారీ సమావేశాల పుస్తకం నుంచి తీసిన నకలు. మీకు బాధ కలిగిస్తుందేమో, క్షమించండి అని ముందే రాశాడు పాపం. మా సభ్యుడు ఇండియాలో ఉండగా, మా క్రమానికి విరుద్ధంగా, పాదిరీ చేత, ఆ దేశపు స్త్రీని పెళ్ళి చేసుకున్నాడు, కాబట్టి ఇకమీదట అతను మాలో ఒకడు కాడు అని ఉంది అందులో.

వాళ్ళు అవమానంగా రాసుకున్న ఆ నాలుగు ముక్కలనూ నేను ఎన్నిసార్లు చదివానో. ఉంచుకుని ఉంటే వెలివేస్తూ పెళ్ళి అని ఎందుకు రాస్తారు?

అమ్మ వంటింట్లో గోంగూర వలుస్తోంది. పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ చదివాను. వలవడం ఆపలేదు.

“అయితే ఆవిడ కోసం వాళ్ళోళ్ళందర్నీ పోగొట్టుకున్నాడన్నమాట,” అంది.

“అవునమ్మా.”

“మళ్ళీ చేర్చుకున్నారంటావా?”

“తెలీదు. చేర్చుకున్నట్టు కాయితం లేదన్నాడు.”

“ఆవిడ పేరు రాశారా?”

“లేదమ్మా. ఆ దేశపు స్త్రీ అని రాశారు.”

అమ్మ తల ఊపింది. ఇక నావల్ల కాలేదు. బాప్తిస్మం పేజీ సంగతి, తల్లి పేరు లేని సంగతి, ఆ గీత సంగతి, ఏడాదిగా దాచిన సంగతి అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

“ఆ పేజీ నాకు తెలుసే,” అంది అమ్మ. “నాకు పన్నెండేళ్ళప్పుడు మా అమ్మతో బాప్తిస్మం చీటీ కోసం మిషనుకెళ్ళాను. అక్కడి గుమాస్తా ఆ పుస్తకం మా ముందు తెరిచి, ఆ గీత మీద వేలెట్టి చూపించాడు. ఇంటికొచ్చేదారిలో మా అమ్మ ఎవరికీ చెప్పకే అంది. చెప్పలేదు. మీ నాన్నక్కూడా చెప్పలేదు.”

“మరి నన్నెందుకు వెతకమన్నావమ్మా?”

“ఆ ఒక్క గీతే నిజమా, ఇంకెవరన్నా ఇంకో మాట రాసుంటారా అని.”

గోంగూర పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. ఈసారి తల కూడా వంచుకోలేదు.

“ఇంకోసారి చదువు,” అంది.

“మొత్తమా?”

“వద్దు. వాళ్ళు తిట్టింది మనకెందుకు? పెళ్ళి చేసుకున్నాడు అన్నకాడికి చదివి ఆపు.”