బిరడా మేస్త్రి కిటికీ

బిరడా మేస్త్రి అసలు పేరు అతని అక్క తప్ప అందరూ మరిచిపోయారు. కొత్తగా కట్టే ఇళ్లలో గాలి దూరే సందులు పూడ్చడం అతని పని. సీసాకు బిరడా ఎలాగో ఇంటికి అతనలాగని తోటి పనివాళ్లు పెట్టిన పేరది. వెచ్చదనం బయటికి పోకూడదు, కరెంటు వృథా కాకూడదు అని కొత్త ఇళ్లకు నిబంధనలు వచ్చాక అతనికి చేతినిండా పనే.

ఇల్లు పూర్తయ్యాక వీధి తలుపులో పెద్ద ఫ్యాను బిగించి లోపలి గాలిని బయటికి లాగేస్తారు. ఎక్కడ సందు మిగిలితే అక్కడ బయటి గాలి సన్నగా దూరుతుంది. ఇంజనీరు మీటరు చూసుకుంటుంటే మేస్త్రి చెయ్యి వెనుకవైపు నీళ్లతో తడుపుకుని కిటికీ అంచుల వెంట మెల్లగా నడిపేవాడు. చల్లగా తగిలిందా, దొంగ దొరికినట్టే. ఏమీ తగలకపోతే ముఖం చాటంత అయ్యేది.

"అన్నా, నువ్వు మూసిన ఇంట్లో దోమ కూడా ఊపిరాడక చస్తుందే!" అని ఏడిపించేవాళ్లు కుర్ర పనివాళ్లు.

"చావదురా. ఊపిరికి వేరే గొట్టం ఉంటుంది. చలికే దారుండదు."

అతనుండే ఇల్లు మాత్రం పాతది. కిటికీ రెక్కల మధ్య వేలు పట్టేంత సందు. ఆ కిటికీ కిందే అక్క మంచం. తల్లి పోయినప్పుడు తమ్ముణ్ణి చంకకెత్తుకున్న ఆమె పెళ్లి ఊసెత్తకుండానే అతన్ని ఇంతవాణ్ణి చేసింది. ఇప్పుడు ఊపిరితిత్తులు మొరాయించాయి. లేచి వీధి చూసే ఓపిక లేకున్నా, వీధంతా ఆమె చెవుల్లోనే ఉండేది. తమ్ముడు ఇల్లు చేరగానే కబుర్లు మొదలు.

"ఇవాళ దర్జీ సూది విరక్కొట్టాడురా. ఆ చప్పుడూ విన్నా, వెనకాలే తిట్టూ విన్నా."

ఎదురింటి ముసలి దర్జీ మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి, "అమ్మాయీ, ఉన్నావా?" అని కేకేసేవాడు. "నీకు చెప్పకుండా ఎక్కడికి పోతాను!" అని ఈమె జవాబు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

చలి ముదిరింది. అక్కకు చలిగాలి తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొలత తప్పి ఒక కొత్తింట్లో పక్కన పడేసిన మూడు పొరల అద్దాల కిటికీ ఉంటే, మేస్త్రి ఇంజనీరును అడిగి తెచ్చుకున్నాడు.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టుండేది ఇన్నాళ్లూ. ఇవాళ్టికి మనకీ పల్లకీ వచ్చిందన్నమాట!" అని నవ్వింది అక్క.

సందులన్నీ పూడ్చాడు. గాలి మారడానికి గోడలో చిన్న గొట్టం, ఫ్యాను పెట్టాడు. తడి చేతితో అంచులన్నీ తడిమాడు. ఏమీ తగల్లేదు. గది పొత్తిళ్లలా వెచ్చబడింది. అక్క దగ్గు తగ్గింది.

కబుర్లూ తగ్గాయి. సాయంత్రం అతను రాగానే, "నువ్వే ఏదైనా చెప్పరా" అనేది. విశ్రాంతి దొరికింది కదా, మంచిదే అనుకున్నాడు.

ఆ చలికే ఎదురింటి దర్జీ పోయాడు. వీధిలో ఏడుపులు మిన్నంటాయి. మేస్త్రి పరుగున లోపలికొచ్చి చూస్తే అక్క ఏ చప్పుడూ వినపడక నిశ్చింతగా గోడకేసి చూస్తోంది. 'బతికించావురా కిటికీ' అనుకున్నాడు. తెలిస్తే తట్టుకోలేదని నోరు కుట్టేసుకున్నాడు.

కొన్నాళ్లకు అక్కే అడిగింది. "మిషను చప్పుడు ఎలాగూ వినపడదులే. కేకైనా వినపడదేమిట్రా? నేను పలకడం లేదని అలిగాడా?"

దాచలేక, దర్జీ పోయిన సంగతి చెప్పేశాడు.

ఆమె మెల్లగా కిటికీ వైపు ఒత్తిగిల్లింది. "ఎదురుగానే కదరా ఏడ్చుంటారు. నేనేం చేస్తున్నాను అప్పుడు? నిద్రపోతున్నానా? నువ్విచ్చిన టీ తాగుతున్నానా?"

"నీ ఊపిరి కోసమే కదా అక్కా..."

"తెలుసురా. అందుకే ఇన్నాళ్లూ ఏమీ అనలేదు. పొద్దునా సాయంత్రమూ కాసేపు కిటికీ తియ్యి. ఇంకెవరైనా పిలుస్తున్నారేమో."

తీశాడు. బడిపిల్లల గోల వచ్చింది, కూరలబండి కేక వచ్చింది, వాటి వెనకే చలీ వచ్చింది. మిషను చప్పుడు మాత్రం రాలేదు. దగ్గు మళ్లీ మొదలైంది. మూయబోతే, "ఉండనియ్యరా, ఆ పిల్లలు మలుపు తిరగనీ" అనేది. డాక్టరు చీవాట్లు పెట్టాడు. మేస్త్రి ఇద్దరి మధ్యా నలిగాడు. చివరికి అక్క మాటే నెగ్గింది.

ఒక ఉదయం కిటికీ తెరిచి, టీ కాచుకొచ్చాడు. పిల్లలు గోలగోలగా పోతున్నారు. అక్క కళ్లు మూసుకుని ఉంది.

"అక్కా, ఉన్నావా?"

పలకలేదు. మంచం పక్కనున్న నీళ్ల చెంబులో చెయ్యి ముంచి, వెనుకవైపు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. చల్లగా తగిలింది. ప్రాణం లేచొచ్చింది. అంతలోనే అర్థమైంది, ఆ గాలి కిటికీలోది.

లేచి కిటికీ మూసి బిగించాడు. చెయ్యి మళ్లీ తడుపుకుని పెట్టాడు. ఎన్ని ఇళ్లలోనో ఏమీ తగలకూడదని కోరుకున్న చెయ్యి, ఈసారి పిసరంత గాలికోసం కాచుకుంది.

తడి ఆరిపోయింది.

తర్వాత లేచి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, అప్పుడు ఏడ్చాడు.