రక్తం గడిలో అంకె

ఆసుపత్రిలో లెక్కలక్క అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆమెకంటే పన్నెండేళ్లు పెద్దవాడైన డాక్టరు కూడా లెక్కలక్కా అనే పిలుస్తాడు. బడిలో లెక్కల టీచరు కావాలని ఎంత తిరిగినా ఖాళీలు లేవన్నారు. చివరికి మందుల గది పక్కనున్న ఈ ఇరుకు గదిలో వచ్చి పడింది. పదకొండేళ్లుగా ఆమె పని ఒక్కటే: గుండె దడను తగ్గించే ఒక సూదిమందు రోగి ఒంట్లో ఏ వేళకు ఎంత మిగిలిందో చెప్పడం. రక్తపరీక్ష ఫలితం రావడానికి రెండు రోజులు పడుతుంది గనక, అందరికీ ఆమె మాటే ఆధారం.

మందు ఒకచోట కూర్చోదు. రక్తంలోంచి కండలోకి, కండలోంచి కొవ్వులోకి, మళ్లీ వెనక్కి తిరుగుతూనే ఉంటుంది. ఆ రాకపోకల వేగాలను మూడు వరసల మాత్రికగా, అంటే అంకెల పట్టికగా రాసి, గంటలతో గుణించి, దాని ఎక్స్‌పొనెన్షియల్ అనే ఇంకో పట్టిక తీస్తే జవాబు మూడు గడుల్లో దొరుకుతుంది: రక్తానికొకటి, కండకొకటి, కొవ్వుకొకటి. తీసే దారులు చాలా ఉన్నాయి. లెక్కలక్కకు అలవాటైంది శ్రేణి. మాత్రికతో మళ్లీ మళ్లీ గుణిస్తూ, తగినట్టు భాగిస్తూ, పదం వెనక పదం కలుపుకుంటూ పోవడమే. కళ్లు మూసుకుని చేసేస్తానని గొప్పలు కూడా పోయేది.

ఆ రోజు మంచం మీద ఉన్నది ఆమె సొంత చెల్లెలు. మొదటి సూది వేసి పన్నెండు గంటలు కావస్తోంది. రక్తంలో పదో వంతుకంటే తక్కువ మిగిలితేనే రెండోది వెయ్యాలి. ఎక్కువుండగా వేస్తే గుండె ఆగిపోతుంది. పదకొండింటికి లెక్క తేలింది, వందో వంతు. "పన్నెండున్నరకు వేసెయ్యొచ్చండీ" అని డాక్టరుకు ఫోను చేసి చెప్పేసింది.

చెప్పాక లెక్క ఇంకోసారి చూసుకోవాలనిపించింది. సొంత మనిషి కదా, అందుకే ఈ పిరికితనం అని తనను తానే తిట్టుకుంది. అయినా చెయ్యి ఊరుకోలేదు. కాలేజీలో నేర్చుకుని మూలన పడేసిన ఇంకో దారి పట్టింది. పన్నెండు గంటలను అరవై నాలుగు ముక్కలు చేసి, ఒక్క ముక్కకు లెక్క కట్టి, వచ్చిన పట్టికను దానితోనే గుణించింది. అలా ఆరుసార్లు.

రక్తం గడిలో పావు వంతు వచ్చింది.

రెంటిలో ఏదో ఒకటి తప్పు. మూడో సాక్షి కోసం మాత్రిక స్వభావాన్ని చెప్పే మూడు అంకెలను, అంటే దాని మూలాలను తీసింది. వాటిలో రెండు దాదాపు ఒకటే. వాటి తేడాతో భాగించబోతే అంకెలు ఎటో ఎగిరిపోయాయి. గోడ మీద గడియారం పన్నెండూ పదిహేను చూపిస్తోంది. పొద్దుటి కాగితం లాక్కుంది. మధ్యలో పదాలు అరవై లక్షల దాకా వెళ్లాయి. ఒకటి కలుపు, ఒకటి తీసెయ్. ఎనిమిది అంకెలే పట్టే కాలిక్యులేటరు అంతంత పెద్దవాటి తోకలు కోసేస్తే, చివర మిగిలిన ఆ చిల్లరలో నిజమెంత?

రక్తం, కండ, కొవ్వు, మూడు గడులూ కలిపి చూసింది. ఒకటీ పాయింటు నాలుగు. ఇచ్చిన మందుకంటే ఎక్కువ మందు ఒంట్లో ఎక్కడినుంచి పుట్టుకొస్తుంది? రెండో లెక్కలో మొత్తం ఒకటిని దాటలేదు. పొద్దున రక్తం గడి ఒక్కటే చూసి ఫోను ఎత్తింది. ఇప్పుడు మళ్లీ ఎత్తితే అవతల ఎంగేజ్.

లెక్కలక్క పరుగెత్తింది. మెట్ల మీద చెప్పు ఊడిపోయినా ఆగలేదు. వార్డులోకి వచ్చేసరికి నర్సు చెల్లెలి చేతికి దూదితో స్పిరిటు రాస్తోంది.

"ఆపండి! వెయ్యొద్దు!"

డాక్టరు తిరిగి చూశాడు. "ఏమైంది లెక్కలక్కా? మీరేగా వెయ్యమన్నారు?"

"నా లెక్క తప్పండీ. ఇంకా పావు వంతు ఉంది." కాగితాలు రెండూ ఆయన చేతిలో పెట్టింది. ఆయన మూడు గడులూ మనసులో కూడుకున్నాడు. ఇంకోసారి కూడుకున్నాడు. సిరంజిని ట్రేలో పెట్టేశాడు.

లెక్కలక్క మంచం అంచున కూర్చుంది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుని నవ్వింది.

"ఏంటే అక్కా, ఆ చెమటలేంటి? నాకేం కాలేదుగా! అయినా అంత లెక్క రెండుసార్లు చేశావా? వచ్చిన ప్రతివాళ్లకీ ఇలాగే చచ్చీ చెడీ చేస్తావా?"

రెండు మూడు గంటల లెక్కల్లో శ్రేణి మోసం చెయ్యదు, అంకెలు చిన్నవి. పన్నెండు గంటలవి ఎన్ని చేసిందో గుర్తు తెచ్చుకోబోయింది. ఏడు గుర్తొచ్చాయి. ఆ ఏడుగురిలో ఇద్దరు ఇంటికి వెళ్లలేదు. గుండె జబ్బు మనుషులే కదా అని అప్పుడు అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది.

డాక్టరు కాగితాల మీదనుంచి తల ఎత్తి ఆమెనే చూస్తున్నాడు.

"ఆఁ, చేస్తానే" అంది లెక్కలక్క.