లెన్సుకు అడ్డం పెట్టిన అట్ట

ముందే చెప్పేస్తున్నాను, మీరా హుస్సేన్ ఛాందసుడు కాడు. ఫుజైరాలో మా హోటల్‌కు వచ్చిపోయినవాళ్లలో సగంమంది ఆయన్ని అలాగే అనుకున్నారు. ఇంకా అనుకుంటూనే ఉండి ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ముక్కు మీద కోపమని మా ఆయన రామ్మోహనరావు పెళ్లయిన దగ్గర్నుంచీ అంటున్నారు. ఉంటే ఉంది. ఈ విషయంలో కూడా కోపం రాకపోతే ఇక నాకు ఉప్పూ కారం దండగ.

హుస్సేన్‌ది నెల్లూరు జిల్లా గూడూరు. అక్కడ ఒక సినిమా హాల్లో ఇరవై ఏళ్ల పైచిలుకు ఆపరేటరుగా చేశాడు. భార్య హుస్సేనమ్మ రాత్రిపూట క్యారేజీ తెచ్చేది, కూతురు నాజ్నీన్ ఆపరేటర్ క్యాబిన్‌లోనే చాప మీద నిద్రపోయేది. ఒకసారి ఊరి పెద్దలు కొందరు వచ్చి, ఫలానా పాట మరీ పచ్చిగా ఉంది, ఆ ముక్క కత్తిరించి వెయ్యమన్నారట. తీసినవాళ్లకు లేని బాధ మీకెందుకని వాళ్లను మెట్లు దింపి పంపించాడు. ఆయన అలాంటి మనిషి. తర్వాత ఆ హాలు కల్యాణమండపం అయింది, ఈయన దుబాయ్ దారి పట్టాడు. ఎలాగో ఆ పక్కనున్న ఫుజైరా చేరి, మా హోటల్ బాంక్వెట్ హాల్లో కుర్చీలు సర్దే పనిలో కుదిరాడు.

మాది సముద్రం ఒడ్డున ఉన్న హోటల్. 2012లో జనరల్ మేనేజర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఏటా ఫిబ్రవరిలో, చల్లగా ఉన్నప్పుడు, ఇసుకలో పెద్ద తెర కట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొక అమెరికన్ సినిమా వెయ్యాలని. అమెరికన్ చిత్రోత్సవం అని పేరు పెట్టాడు. దుబాయ్ నుంచి, షార్జా నుంచి కుటుంబాలు వస్తాయి, గదులు నిండుతాయి. ఆ మేనేజర్‌ది ఏ దేశమో నేను చెప్పను. చెబితే మీ కోపం ఆ దేశం మీదికి పోతుంది. నాకు కావలసింది ఆ మనిషి మీద కోపం. హోటల్‌లో అందరం ఆయన్ని ముదీర్ అనేవాళ్లం, అరబ్బీలో మేనేజర్ అనే అర్థం.

హుస్సేన్‌కు ప్రొజెక్టర్ తెలుసని ఆ పని ఆయనకిచ్చారు. పాపం, ఎంత సంతోషపడ్డాడో. మళ్లీ తెర, మళ్లీ వెలుగు. కానీ ముదీర్ ఇంకో పని కూడా తగిలించాడు. సినిమాలో ముద్దు గాని, ఒంటి మీద బట్ట లేని సీను గాని వస్తే లెన్సుకు అట్ట అడ్డం పెట్టాలి. పిల్లలతో వచ్చినవాళ్లు ఫిర్యాదు చేస్తే యజమాని తన మీద విరుచుకుపడతాడని ముదీర్ భయం. కత్తిరించిన ప్రతులు తెప్పించుకోవచ్చు, దానికి ఖర్చవుతుంది. జ్యూస్ డబ్బాల అట్టకు ఖర్చేముంది? హుస్సేన్ రోజూ మధ్యాహ్నం సినిమా ఒకసారి చూసుకొని, ఎక్కడెక్కడ ఏముందో గుర్తుపెట్టుకొని, రాత్రి అక్కడక్కడ అట్ట పెట్టేవాడు. తెర నల్లబడేది, మాటలు మాత్రం వినిపిస్తుండేవి. జనం ఈలలు వేసేవాళ్లు, ఖలాసా ఖలాసా, అయిపోయిందా అని అరిచేవాళ్లు. అట్ట తీసేవాడు.

నేను ఫ్రంట్ ఆఫీసులో చేరింది 2016 చివర్లో. కాబట్టి 2017 ఫిబ్రవరి ఉత్సవమే నేను చూసిన మొదటిది. సోమవారం సాయంత్రం ముదీర్ మైకు పట్టుకొని సినిమా అంటే స్వేచ్ఛ అని, అమెరికా అంటే ధైర్యమని ఏదేదో మాట్లాడాడు. ఆఖర్న నవ్వుతూ ప్రొజెక్టర్ వైపు చెయ్యి చూపించాడు. "మధ్యమధ్యలో తెర చీకటైతే మమ్మల్ని క్షమించాలి. మా హుస్సేన్ భాయ్‌కి దైవభక్తి చాలా ఎక్కువ. ముద్దు కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి దానంతటదే లేస్తుంది. ఆయన నమ్మకాన్ని మేం గౌరవిస్తాం" అన్నాడు, ఇంగ్లీషులో. జనం పగలబడి నవ్వారు, వెనక్కి తిరిగి హుస్సేన్‌ను చూసి చప్పట్లు కొట్టారు. తెల్ల టోపీ పెట్టుకొని నిలబడిన హుస్సేన్ వినయంగా తలవంచి సలాం పెట్టాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అట్ట పెట్టమన్నది వీడు, పెట్టేది పొట్టకూటి కోసం ఆయన, మధ్యలో దేవుడా? దానికి తోడు ఆయన సలాం పెట్టడమేమిటి? సినిమా అయ్యాక దుబాయ్ నుంచి వచ్చిన ఒక తెలుగు కుటుంబం తాళంచెవి కోసం నా దగ్గరకు వచ్చింది. నాకు తెలుగు రాదనుకున్నారు కాబోలు. ఇలాంటి ముసలి ఛాందసుల్ని ఎక్కడ పట్టుకొస్తారో అని ఆవిడ, వీళ్లెప్పటికీ మారరు అని ఆయన. తాళంచెవి ఇచ్చి, పెట్టమన్నది మేనేజరండీ, ఆ పెద్దాయన కాదు అని తెలుగులోనే చెప్పాను. ఇద్దరూ గతుక్కుమన్నారు, లిఫ్టు వైపు నడిచారు.

మంగళవారం పొద్దున స్టాఫ్ క్యాంటీన్‌లో హుస్సేన్‌ను పట్టుకొని అడిగాను, అంత మాట అంటుంటే సలాం ఎందుకు పెట్టారని. ఆయన నా ముఖంలోకి అమాయకంగా చూశాడు.

"మనోడు బాగా పనిచేస్తుండాడని చెప్పుంటాడమ్మా. ఏటేటా చెప్తాడు. అందరూ నా తట్టు తిరిగి చప్పట్లు కొడతారు గదా, ఊరికే నిలబడితే బాగుండదని సలాం పెడతా."

ఆయనకు ఇంగ్లీషు రాదు. హిందీలో, వచ్చీరాని అరబ్బీలో నెట్టుకొస్తాడు. పాత స్టాఫ్ చెప్పిన ప్రకారం, మొదటి ఏడు తెర చీకటైందని ఎవరో తిట్టిపోస్తే ముదీర్ ఆ జోకు వేశాడట, తిట్టినవాళ్లు నవ్వి ఊరుకున్నారట. ఆ మర్నాడే హుస్సేన్‌కు తెల్ల టోపీ కొనిచ్చి, ఉత్సవం జరిగినన్నాళ్లూ పెట్టుకో, అందంగా ఉంటావన్నాడట. ఈయనేమో బహుమానమనుకున్నాడు. నేను ప్రతి మాటా తెలుగులో చెప్పాను. ఇంతెత్తు మనిషి నా కళ్లముందే నిలువునా నీరైపోయాడు. ముందున్న చాయ్ చల్లారిపోయింది, ముట్టుకోలేదు.

"నేను నమాజుకు పొయ్యేది శుక్రవారం శుక్రవారమమ్మా. అదన్నా డ్యూటీ లేకుంటేనే. అట్టాంటోడిని బట్టుకొని అల్లా పేరు మీద ఆడిస్తుండాడా?" అన్నాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. "నాజ్నీన్‌ను రమ్మన్నానమ్మా. బేస్తవారం వస్తుండాది."

నాజ్నీన్ డిగ్రీ చదివి, మూడు నెలల కిందటే షార్జాలో ఒక దంతవైద్యుడి దగ్గర రిసెప్షన్ ఉద్యోగంలో చేరింది. ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది. ఇన్నేళ్లూ ఈయన ఫోన్‌లో ప్రతి ఫిబ్రవరీ కూతురికి చెబుతూ వచ్చాడు, మేనేజర్ అందరి ముందూ మైకులో నన్ను మెచ్చుకుంటాడని, దొరలూ దొరసానులూ లేచి చప్పట్లు కొడతారని. ఈసారి నీ చెవులారా విను రమ్మని పిలిచాడు. ఆ పిల్ల వచ్చి తన చెవులతో వినబోయేది ఏమిటో ఇప్పుడు తెలిసింది. కూతురి ముందు తల కొట్టేసినట్టు కాదూ? రావద్దని చెప్పండి అన్నాను. ఏమని చెప్పమంటావు తల్లీ అన్నాడు.

బుధవారం ఇద్దరం ముదీర్ గదికి వెళ్లాం. హుస్సేన్ తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లీషులో చెప్పడం. ఆయన అడిగింది ఒక్కటే. "జోకు వద్దు. మూయమన్నది తనేనని ఒక్కసారి మైకులో చెప్పమనమ్మా. అంతే." ముదీర్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. అది ప్రేమతో అనే మాట అన్నాడు, గెస్టులకు హుస్సేన్ అంటే ఎంత ఇష్టమో తెలుసా అన్నాడు, ఈ నెల ఉత్తమ ఉద్యోగిగా ఫోటో పెట్టిస్తానన్నాడు. హుస్సేన్ కదల్లేదు. ఫోటో వద్దన్నాడు. అప్పుడు ముదీర్ నా వైపు తిరిగి నిజం చెప్పాడు.

"చూడు కామాక్షీ, నేను మూయమన్నానంటే నన్ను తిడతారు. ఆయన మూశాడంటే ఎవరూ ఏమీ అనరు. పెద్దాయన, మతం విషయం. నోరు మూసుకుంటారు."

చెప్పేటప్పుడు ముఖంలో సిగ్గన్నది లేదు. ఏదో తెలివైన పని చేసినట్టు చెప్పాడు. నేను పళ్లు కొరుక్కుంటూ ఆ మాట కూడా తెలుగులో హుస్సేన్‌కు అప్పజెప్పాను. ఆయన విని, సలాం కూడా పెట్టకుండా బయటకు నడిచాడు.

గురువారం నాజ్నీన్ వచ్చింది. ఒక్కతే కాదు, క్లినిక్‌లో తనతో పనిచేసే ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిల్ని కూడా తీసుకొచ్చింది, మా నాన్నను మెచ్చుకుంటారు చూద్దురు రండని. రెండో వరసలో కుర్చీలు వేయించాను. ఇంకేం చెయ్యగలను? ముదీర్‌కు కూడా చెప్పాను, ఆ పసుపు చుడీదార్ అమ్మాయి హుస్సేన్ కూతురు, ఈ ఒక్క రాత్రీ మానెయ్యండని. అలాగా, చాలా సంతోషం అన్నాడు. వెళ్లి మైకు పట్టుకున్నాడు. స్వేచ్ఛ, ధైర్యం, అమెరికా అన్నీ అయ్యాయి. తర్వాత అదే జోకు, పైగా కొత్త తోకతో. "ఈ రోజు ఆయన కూతురు కూడా వచ్చింది, కాబట్టి ఇంకా జాగ్రత్తగా మూస్తాడు!"

జనం విరగబడి నవ్వారు. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు కూడా ముందు నవ్వేసి, నాజ్నీన్ ముఖం చూసి ఆపేశారు. ఆ పిల్ల వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. హుస్సేన్ టోపీ తీసేసి ఉన్నాడు. చప్పట్లు కొడుతుంటే చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు.

సినిమా మొదలైంది. ఎడారి ఊళ్లో పెట్రోలు బంకు నడిపే ఒక వితంతువు, లారీ డ్రైవరొకడు, వాళ్ల కథ. సగం దాటాక అతను ఊరు వదిలి వెళ్లబోతూ ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. నడివయసు మనుషులు, ఇద్దరికీ కళ్లలో నీళ్లు. అతను దగ్గరికొచ్చాడు. నేను తెరను చూడటం మానేసి హుస్సేన్‌ను చూశాను. అట్ట బల్ల మీదే ఉంది. ఆయన చేతులు వెనకే ఉన్నాయి. వాళ్లిద్దరూ ముద్దు పెట్టుకున్నారు, ఆకాశమేమీ విరిగి పడలేదు, పిల్లలెవరూ ఏడవలేదు. ఈలలు లేవు. సముద్రం హోరు ఒక్కటే.

ముదీర్ వెనక నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఇసుకలో ఒక బూటు ఊడిపోయింది. అట్ట చేతికందక తన అరచెయ్యే లెన్సుకు అడ్డం పెట్టాడు. తెర నిండా ఆయన అయిదు వేళ్లూ పడ్డాయి, వేళ్ల సందుల్లోంచి ముద్దు కనిపిస్తూనే ఉంది. ఎవరో గట్టిగా, మీకు కూడా భక్తి పట్టుకుందా సార్ అని అడిగారు. నవ్వులు లేచాయి. ముదీర్ పళ్ల బిగువున యల్లా హుస్సేన్, యల్లా, త్వరగా త్వరగా అంటున్నాడు. హుస్సేన్ ప్రొజెక్టర్ ఆపేశాడు. దీపాలు వెలిగాయి.

నాజ్నీన్ అప్పటికే లేచి తండ్రి పక్కకు వచ్చేసింది. నేను చెప్పేది ఇంగ్లీషులో అందరికీ చెప్పు అన్నాడు ఆయన. ఒక్కో మాటా ఆపి ఆపి పలికాడు.

"ఆరేండ్ల నుంచి మూసింది నా చెయ్యే. మూయమన్నది ఈయన. దేవుడు నాకేం చెప్పలా."

ఆ పిల్ల మైకు లేకుండానే ఆఖరి వరస దాకా వినిపించేట్టు చెప్పింది. ఏమవుతుందనుకున్నారు? ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. ఒకాయన మిగతా సినిమా ఎప్పుడు వేస్తారని అడిగాడు. ఒకావిడ డబ్బు వాపసు ఇస్తారా అంది. ఆరేళ్లు ఆయన్ని చూసి నవ్విన జనం ఒక్క క్షణం నోరెత్తి తప్పయిందని అనలేకపోయారు. నాకు ఆ కుర్చీలన్నీ సముద్రంలో పారెయ్యాలనిపించింది. హుస్సేన్ మాత్రం కూతుర్నే చూస్తున్నాడు. నువ్వు విన్నావు గదా, అది చాలు అన్నాడు. నాజ్నీన్ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

శుక్రవారం పొద్దున ముదీర్ మమ్మల్నిద్దర్నీ పిలిచాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. ఆ రాత్రి ముగింపు సభ, యజమాని కుటుంబంతో సహా వస్తున్నాడు. గొంతులో తేనె పోసుకొని మాట్లాడాడు. జరిగింది మరచిపోదాం, జోకు ఇక ఉండదు, ఈ రాత్రి యజమాని ముందు నిజంగానే మెచ్చుకుంటాను, ఇంత మంచి ఆపరేటర్ ఈ తీరంలోనే లేడని చెబుతాను అన్నాడు. మూయమన్నది నేనే అన్న ముక్క మాత్రం ఎత్తలేదు. నేను తెలుగులో చెప్పేదంతా హుస్సేన్ ఓపిగ్గా విన్నాడు. జేబులోంచి హోటల్ గేట్ కార్డు తీసి, ఇక ఈ ఉద్యోగం వద్దన్నట్టు బల్ల మీద పెట్టాడు. అది పెడితే వీసా పోతుందని, ఈ వయసులో ఇంకో కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, దొరకడం కష్టమని ఆయనకు నాకంటే బాగా తెలుసు.

"నన్ను పొగడొద్దని చెప్పమ్మా. తిట్టనూ వొద్దు. ఆ నోటితో నా పేరే ఎత్తొద్దని చెప్పు."

నేను ఒక్క మాట తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పాను, గుమాస్తాలు తలుపు దగ్గరకు వచ్చి తొంగిచూశారు. ముదీర్ ముఖం ఎర్రబడింది. ఇది ఆయన మాటా, నీ మాటా అని నన్ను అడిగాడు.

ఇద్దరిదీ అన్నాను. నెలాఖరుకు నా ఉద్యోగమూ ఊడింది. ఊడితే ఊడింది.