గీత బయట నుంచి ఖో

ఖోఖో ఆడుడు నాకు వచ్చు. ఆడిపిచ్చుడు రాదని తెలుసుకునేటందుకే నాలుగేండ్లు పట్టింది. ఆ నాలుగేండ్లు నా చేతిల పడ్డ పిల్లలు ఎంత పరేషానయ్యిండ్రో ఇప్పుడు తలుసుకుంటె నా మీద నాకే చిరాకు లేస్తది.

నేను పుట్టి పెరిగింది ఆదిలాబాదుల. బాపు పత్తి జిన్నింగు మిల్లుల గుమస్తా. మా గల్లీల సగం ఇండ్లు మరాఠీవాళ్లయి. బడిల మాకు ఖోఖో నేర్పింది కూడ ఒక మరాఠీ టీచరమ్మనే. ఎనిమిది మంది ఒక్క వరుసల, ఒకరు ఇటు మొఖం, ఒకరు అటు మొఖం పెట్టి గొంతుకూసుంటరు. తొమ్మిదో ఆమె అవతలి జట్టోళ్లను తరుముతది. తరిమేటామె వరుసను అడ్డం దాటొద్దు, నడుమల ఎనక్కి మర్లొద్దు. దొరకకుండ ఉరికేటి పిల్ల వరుస అవతలికి దుంకిందంటె, అటు మొఖం పెట్టి కూసున్నామె ఈపు తట్టి "ఖో" అనాలె. అప్పుడే ఆమె లేసి ఉరుకాలె. గింతే ఆట.

నాకు దొరకనోళ్లు లేకుండె. జిల్లా జట్టుల ఆడిన. హైదరాబాదు పోయి రెండుసార్లు ఆడిన. అవ్వ వద్దంటె బాపు, "పోనియ్, పెండ్లయినంక ఎట్లాగు ఉరకది" అనేటోడు. ఆ మాట నిజమే అయింది. పెండ్లయింది, ఉరుకుడు బందయింది. మా ఆయనకు పెద్దపల్లి రైలుస్టేషన్ల నౌకరి. వ్యాయామం ట్రైనింగు ముందే చేసి ఉంటి గనుక, అక్కడి ఆడపిల్లల బడిల నాకు డ్రిల్లు టీచర్ కొలువు దొరికింది.

మైదానం నిండ పల్లేరుగాయలు. పొద్దున అందరం కలిసి ఏరితె, మాపటికి మళ్ల ఎక్కడికెల్లి వస్తుండెనో వస్తుండె. పిల్లలవి లంగా వోణీలు. ఎగ్గట్టి దోపుకొని ఉరికితె జారుతది, జారితె నవ్వుతరు, నవ్వితె ఔటయితరు. పైజామలు కుట్టిపిద్దామంటె పెద్ద టీచరమ్మ ఒప్పుకోలే. ఒక పిల్ల తల్లయితె బడికే వచ్చి నిలదీసింది.

"టీచరమ్మా, కూసునుడు లేసుడు ఇంట్ల పనిల లేదా? బడికి తోలి గదే నేర్పియ్యాల్నా?"

గివన్ని ఓర్సుకున్న గని, పిల్లలు ఆడే తీరును ఓర్సుకోలేకపోయిన. నేను కండ్లు మూసుకొని చేసేటిది వాళ్లకు పదిసార్లు చెప్పినా రాకపోవుడేందో నాకు సమజ్ కాకపోయేది. "జరుగు, నేను చూపిస్త" అని చీర కొంగు దోపి నేనే దిగుదును. ముగ్గురిని చిటికెల ఔట్ చేసి, "చూసిండ్రా?" అంటె అందరు చప్పట్లు కొడుదురు. మర్నాడు మళ్ల గదే తప్పు.

జట్టుకు పెద్ద ఒక పొడుగు పిల్ల, నేతపని చేసేటోళ్ల బిడ్డ. ఒకనాడు అందరి ముంగట అన్నది.

"టీచర్, మీరు మస్తు ఆడుతరు. మేం చూసుడే అయితుంది. మేమెప్పుడు ఆడాలె?"

"మీకొస్తె నేనెందుకు దిగుత?" అని కసిరిన. ఆ పిల్ల తల వంచుకొని పోయింది. నేను ఏమాత్రం మారలే.

నాలుగో ఏడు కరీంనగర్ల బడుల పోటీలు పెట్టిండ్రు. పెద్ద టీచరమ్మను ఎట్లనో ఒప్పిచ్చి పైజామలు కుట్టిపిచ్చి, తొమ్మిది మందిని బస్సెక్కిచ్చిన. మొదటి ఆటల మావోళ్లది తరిమే వంతు. మా పొడుగు పిల్ల అవతలి జట్టుల చురుకైన పిల్లను వరుస కొసకున్న స్తంభం దగ్గరికి తెచ్చింది. ఆ పిల్ల కూసున్నోళ్ల సందుల కెల్లి ఇటు దుంకింది. అక్కడ నా దిక్కు మొఖం పెట్టి మా చిన్న పిల్ల కూసొని ఉన్నది. ఖో ఇస్తె చాలు, దొరికినట్టే. నేను ఉండబట్టలేక గీత మీద నిలవడి గట్టిగ అరిచిన.

"ఖో ఇయ్యవే! ఖో!"

చిన్న పిల్ల దిగ్గున లేసింది. లేసింది నా ఖో కు. ఎనకకెల్లి ఎవ్వరు ముట్టనే లేదు.

అంపైరు సీటీ ఊదిండు. ఫౌల్. దానికి శిక్షగ మా పొడుగు పిల్ల ఎనక్కి పోవాల్సి వచ్చింది. ఇంతల ఆ చురుకు పిల్ల అవతలి కొసన నిలవడి నవ్వుతుంది.

"టీచరమ్మా, అరవొద్దు" అన్నడు అంపైరు. సరే అన్న. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న. ఆ వంతు అయిపోకముందే కొంగు జారింది, మళ్ల అరిచిన, ఇంకొక పిల్ల లేసింది. ఈసారి అంపైరు ఆట ఆపి నా దగ్గరికి నడిచి వచ్చిండు.

"ఆడేది మీరా, పిల్లలా?"

"వాళ్లకు కనవడుతలేదు సార్. నాకు కనవడుతుంది."

"కనవడని కాడికి పోయి కూసోండ్రి."

అందరి ముంగట నన్ను బడి వరండాల కెల్లి గోడ అవతలికి తోలిండు. సిగ్గుతోని, కోపంతోని కండ్లల్ల నీళ్లొచ్చినయి. కూసుంటి, లేస్తి. ఒక్కటి కనవడది. ఖో, ఖో అని వినవడుతది, అది మావోళ్లదో కాదో ఎరుక కాదు. ఒకసారి పెద్దగ లొల్లి లేసింది. ఎవలు గెలిచిండ్రో తెల్వక గోళ్లు కొరుక్కుంట కూసున్న.

ఆఖరికి తొమ్మిది మంది దుమ్ము కొట్టుకొని ఉరికొచ్చిండ్రు. గెలిచిండ్రు. అదీ ఎనకబడి ఉండి గెలిచిండ్రు. సంబురపడాల్సింది పోయి నాకు ఇంకింత కోపమొచ్చింది.

"నేనుంటె రాని ఆట ఇప్పుడెట్ల వచ్చిందే?"

చిన్న పిల్ల భయపడుకుంటనే చెప్పింది. "ఇప్పుడు ఒక్క ఖో నే వినవడ్డది టీచర్."

పొడుగు పిల్ల మాట అప్పుడు గుండెల గుచ్చుకున్నది. ఆమెను దగ్గరికి పిలిచి, "అప్పుడు కసిరిన, తప్పు నాదే" అన్న. "గదంత ఎందుకు టీచర్, నీళ్లు తాగొస్తం" అని పోయింది.

రెండో ఆట గీత దగ్గరనే కూసొని చూసిన, నోరు మెదపలే. అంత కష్టమైన పని నా జన్మల చెయ్యలే. ఆ ఆట ఓడిపోయిండ్రు. ఓడిపోయేది నాకు ముందే కనవడుతనే ఉండె, అయినా ఊకున్న. అటెనక పిల్లల నడుమల నేను దిగి ఆడుడు బంద్ చేసిన.

వాపసు బస్సుల అడిగిన, "మొదటి ఆట ఎట్ల మలుపుకున్నరు? జర చెప్పుండ్రే" అని. తొమ్మిది మంది ఒక్కసారే అందుకున్నరు. ఒకతి స్తంభం అంటది, ఒకతి కాదు నడుమల అంటది, ఒకతి లేసి బస్సులనే ఉరికి చూపెట్టవోతె కండక్టరు తిట్టి కూసోవెట్టిండు. నా జట్టు ఆడిన మంచి ఆట ఎట్లుండెనో నాకు ఇప్పటికీ సరిగ్గ తెల్వది.