చెయ్యి ఆగినచోట గీత

మా అమ్మాయి పోయిందని చెప్పడానికి దాని వార్డులో పనిచేసే నర్సులు ముగ్గురు వచ్చారు. మస్కట్‌లో, ఖురం దగ్గర నేను వంట చేసే ఇంటి గేటు బయట యూనిఫారాలతోనే నిలబడ్డారు. ఒక్కరే వచ్చి ఉంటే ఎందుకొచ్చావమ్మా అని అడిగేదాన్ని. ముగ్గురొచ్చారంటే ఇంక అడగక్కర్లేదు. "ఆంటీ, కొంచెం కూర్చోండి" అన్నారు. గేటు దగ్గర కూర్చోవడానికి ఏముంటుంది? డ్యూటీలో ఉండగానే దానికి తల తిరిగిందట. మెదడులో నరం చిట్లిందట. చుట్టూ డాక్టర్లున్నా ఏమీ చెయ్యలేకపోయారట. "పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాను" అన్నాను నేను. అప్పుడు నాకు వచ్చిన మాట అదొక్కటే.

దాన్ని ఊళ్ళో వాళ్ళ నాన్న సమాధి పక్కన పెట్టి మళ్ళీ మస్కట్ వచ్చాను. దాని గురించి నాలుగు మాటలు రాయమని మన ప్రార్థన కూటం సంచిక వాళ్ళు అడిగారు. నేను ఐదో తరగతి దాకా చదివాను. బైబిలైనా వేలు పెట్టుకునే చదువుతాను. తప్పులుంటే దిద్దుకోండి. కానీ మాటలు మాత్రం మార్చకండి. మాటలు మారిస్తే అది ఒప్పుకునేది కాదు.

అది నర్సని మీకందరికీ తెలుసు. కవితలు రాస్తుందని కొందరికే తెలుసు. తెలిసినవాళ్ళు కూడా "మా బాబు బర్త్‌డేకి నాలుగు లైన్లు రాసివ్వు సిస్టర్" అనేవారు. అది నవ్వి, కేకు మీద పట్టేంతే రాసిచ్చేది. అసలువి వేరే ఉండేవి. డ్యూటీ నుంచి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తడి ఆరకముందే కూర్చుని రాసేది. కాగితాల అంచులు ఎప్పుడూ తడిసి ఉండేవి. ఒకసారి సెలైను స్టాండు గురించి రాసిన కవిత వినిపిస్తే నాకు ఏడుపొచ్చింది. దాని కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. "రాసేవాళ్ళు ఏడిచేస్తే చదివేవాళ్ళకేం మిగులుతాదమ్మా?" అంది.

దానికి నిజ్వాలో ఒక స్నేహితురాలు ఉంది. ఆమె కూడా నర్సే, అక్కడి ఆస్పత్రిలో. మన పెద్ద సిస్టరమ్మ జీవిత కథను ఆమె పుస్తకంగా రాస్తోంది. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను. పెద్ద సిస్టరమ్మ ఇక్కడ పాతికేళ్ళు పైగా నర్సుగా చేసి, రిటైరై ఊరెళ్ళిపోయారు. ఇప్పుడు మంచం మీద ఉన్నారు. ఆమె కళ్ళు తెరిచి ఉండగానే పుస్తకం చేతిలో పెట్టాలని స్నేహితురాలి ఆరాటం.

శుక్రవారం కూటానికి నిజ్వా నుంచి వచ్చే వ్యానులో ఆమె రాసిన పేజీలు వచ్చేవి. సాయంత్రం అదే వ్యానులో మా అమ్మాయి ఉత్తరం వెళ్ళేది. "ఫోన్లో రాసుకోవచ్చు కదే, ఈ కాగితాలెందుకు?" అంటే, "ఫోన్లో అయితే దాన్ని తిట్టేస్తానమ్మా. కాగితం మీద తిట్టాలంటే ఆలోచించాలి" అనేది.

అల్ హైల్‌లో మా వంటింట్లో శనివారం నేను వంజరం చేప కోసుకుంటూ కూర్చుంటే, అది పక్కన పీట వేసుకుని ఆ పేజీలు పైకి చదివేది. పెన్సిలు చేతిలో ఉండేది. మొదట్లో నాకు తెలియలేదు, అది చూసేది పేజీని కాదు, నా చేతిని. కత్తిపీట మీద నా చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ పక్కన సన్నగా గీత పెట్టేది. సిస్టరమ్మ కరుణామూర్తి, త్యాగమూర్తి అని ఒక పేజీ నిండా ఉంటే నా చేప ముక్కలై గిన్నెలో పడిపోయేది. స్కఫోల్డింగు మీంచి పడ్డ కరీంనగర్ కుర్రాడికి కట్టు మారుస్తూ, "మీ ఊరి బస్సు ఎక్కడాగుద్ది? దిగాక ఎటు తిరగాలి?" అని ఆమె అడిగేదని, వాడు ఇంటి దాకా దారి చెప్పేలోపు కట్టు అయిపోయేదని చదివినప్పుడు నా చెయ్యి ఆగింది. గీత పడింది.

ఇదంతా ఉత్తరంలో రాసి పంపేది. స్నేహితురాలికి ఒళ్ళు మండేది. ఆమె జవాబులు కూడా అది నాకు చదివేది. "నీకు దయ లేదే. నేను సెలవు పెట్టుకుని రాసిన పేజీని మీ అమ్మ చెయ్యి ఆగలేదని కొట్టేస్తావా?" దానికి మా అమ్మాయి ఇలా రాసింది: "మంచి మనిషి అని రాస్తే ఏం కనపడతాది? ఆవిడ టీ ఎలా తాగేదో రాయి. మా అమ్మ చేప సంగతి నేను చూసుకుంటాను."

సహాయం చేసినందుకు పుస్తకంలో మా అమ్మాయి గురించి ఒక్క మాట పెడతానని ఆమె ఎన్నిసార్లు రాసిందో. ఇది ప్రతిసారీ కొట్టేసింది. "ఇది సిస్టరమ్మ పుస్తకం. నువ్వూ నేనూ గుమ్మం బయటే" అని.

అలా వస్తూ వస్తూ ఒక శనివారం ఆ అధ్యాయం వచ్చింది.

చాలా ఏళ్ళ కిందట నేను ఇంటి పనికి ఇక్కడికి వచ్చాను. సీబు వైపు ఒక ఇల్లు. వాళ్ళు కొట్టారని చెప్పను, కొట్టలేదు. బతాకా కార్డు, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండేవి. బయటికి పంపేవారు కాదు, ఫోను ఇచ్చేవారు కాదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లోంచి వచ్చేశాను. నన్ను తన గదిలో దాచింది పెద్ద సిస్టరమ్మే. పట్టుబడితే ఆమె ఉద్యోగం పోయేది. తర్వాత కాగితాలు లేనివాళ్ళకి సర్కారు మాఫీ ఇచ్చినప్పుడు ఊరెళ్ళాను. కొన్నేళ్ళకు కొత్త వీసా మీద, కొత్త ఇంటికి వచ్చాను. ఈ సంగతి సిస్టరమ్మ చెప్పగా ఆ స్నేహితురాలికి తెలిసింది, మీలో ఇంకెవరికీ తెలియదు. పారిపోయిన ఆడదంటే జనం ఏమనుకుంటారో మీకు తెలుసు.

మా అమ్మాయి మొదటి వాక్యం చదవగానే నా చెయ్యి ఆగింది. మళ్ళీ కదల్లేదు. అది గీత పెట్టలేదు. పేజీలు మడిచింది. "ఇది నీదమ్మా. నువ్వు చెప్పేదాకా పోదు" అంది.

"ఎప్పటికీ చెప్పను" అన్నాను. "పేరు లేకపోతే మాత్రం పోల్చుకోరా? నీ తమ్ముడి అత్తగారు వాళ్ళు చదివితే? మా మేడమ్‌కి తెలిస్తే?"

"మీ మేడమ్‌కి తెలుగొచ్చా ఏంటి?"

"తెలుగొచ్చినోళ్ళకి నోరు లేదా ఏంటి?"

అది పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. స్నేహితురాలు వదల్లేదు. ఆ అధ్యాయం లేకపోతే సిస్టరమ్మ కథకి ప్రాణం లేదని రాసింది. సిస్టరమ్మకు బాగా లేదు, ప్రెస్సు వాళ్ళు ఆగరు అని రాసింది. మా అమ్మాయి అన్నీ నాకు చదివి వినిపించి, తన జవాబు కూడా వినిపించేది. "నిజమే, మా అమ్మే. కానీ ఆవిడ బతుకు నాది కాదు. నీది అసలే కాదు. అడగడం వరకే మన పని." నన్ను ఒప్పించడానికి ఒక్కనాడూ గొంతు పెంచలేదు. నేనే ఒకసారి "పారిపోయాను" అంటే మాత్రం కోపం వచ్చింది. "ఆ మాటనకు. బయటికొచ్చావు. తలుపు నువ్వే తీసుకున్నావు."

పోయిన రోజు పొద్దున డ్యూటీకి జడ వేసుకుంటూ అడిగింది. "రేపు వ్యానొస్తాది. దానికేం చెప్పనమ్మా?"

"ఏమీ చెప్పకు."

"సరే. ఏమీ చెప్పను." క్లిప్పు పళ్ళతో పట్టుకుని నవ్వింది. అంతే, వెళ్ళింది.

నేను తిరిగొచ్చాక మొదటి శుక్రవారం, ఆరాధన అయ్యాక, స్నేహితురాలు నన్ను పార్కింగులో పట్టుకుంది. ఆమె వస్తుందని నాకు తెలుసు. వారమంతా ఆ భయంతోనే ఉన్నాను. పాటల్లో కూడా గొంతు కలపలేదు. ఆమె నన్ను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కాగితాలు తీసింది.

"ఆంటీ, ఈ వారం ప్రెస్సుకి పోవాలి. సిస్టరమ్మకి నిన్న ఆక్సిజన్ పెట్టారంట. మీరొద్దంటే ఈ అధ్యాయం తీసేస్తాను. మీ అమ్మాయికి మాటిచ్చాను. ఇంక ఒక్కమాట కూడా అడగను."

వద్దు అనే మాట నోటి దాకా వచ్చింది. దాని బదులు ఇంకోటి అడిగాను. "పుస్తకంలో మా అమ్మాయి ఎక్కడుంది?"

"ఎక్కడా లేదాంటీ. పెట్టిన ప్రతిచోటా కొట్టేసిందిగా."

"దీన్లో?"

"దీన్లో మీరూ సిస్టరమ్మే. ఒక తెలుగావిడ తలుపు తీసుకుని ఎండలో వచ్చిందని. మీరెందుకు బయటికొచ్చారో నాకు తెలీదు కదా. సిస్టరమ్మ చెప్పలేదు, మీ అమ్మాయీ చెప్పలేదు."

మా అమ్మాయికి తెలుసు. తెలిసీ చెప్పలేదు. నన్ను ఒప్పించడానికి కూడా ఆ సంగతి వాడుకోలేదు.

కళ్ళ ముందు నాకు అన్నీ కనిపించాయి. నా కొడుకు అత్తగారింట్లో ఎవరో ఈ పేజీ తెరవడం, కూటంలో ఆడవాళ్ళు నన్ను చూసి మాట ఆపడం. వద్దంటే అవేవీ ఉండవు. మా అమ్మాయి కూడా ఉండదు.

"రాసుకో అమ్మా" అన్నాను. "ఆ ఇంట్లో ఒకరోజు ముసలావిడ జాలిపడి ఫోనిచ్చింది. మా పక్కింటికి చేశాను. పిల్లని పిలిచారు. అమ్మా అని పిలుస్తాదనుకున్నాను. 'నీ గొంతు మర్చిపోయాను, ఏదో ఒకటి మాట్లాడు' అంది. మర్నాడే వచ్చేశాను. అలా రాయి. నా పేరే పెట్టు."

ఆమె కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని గబగబా రాస్తోంది. రాస్తూనే అడిగింది. "పిల్లకి ఎన్నేళ్ళాంటీ?"

"ఎనిమిది."

"గౌనేసుకుందా, పరికిణీయా? ఎక్కడ నిలబడి మాట్లాడింది?"

నాకు తెలియదన్నాను. నేనిక్కడున్నాను కదా, చూడలేదు. అది చెప్పాల్సింది మా అమ్మాయే.

ఆమె కలం ఆగింది. నిజ్వా వ్యాను డ్రైవరు హారన్ కొట్టి, "సిస్టర్, జల్దీ" అని కేకేశాడు. ఆమె తలెత్తలేదు. పిల్ల నిలబడాల్సిన చోట కాగితం తెల్లగా ఉంది. ఆ ఎండలో ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.