పాట చివర సాగిన గొంతు

మొన్న శుక్రవారం పొద్దున జమ్మలమడుగులో మా మరిది పోయాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఫోను చేసిన తోటికోడలు ఏడుపు దిగమింగుకుని, "అక్కా, ఆ రికార్డులన్నీ ఏం జేయాల?" అని అడిగింది. ఎవరినీ ముట్టనివ్వద్దన్నాను.

జానెడు కూడా లేని చిన్న గ్రామఫోను రికార్డులవి, పక్కకొక పాట. గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ వాటిని పోగుచేశాడు. కంపెనీవాళ్లు ఒకే పాటను కొన్నేళ్లకొకసారి మళ్లీ అచ్చు వేసేవాళ్లు. మాకు ఏ అచ్చయినా ఒకటే. అతనికి కాదు. లేబులు చుట్టూ నున్నటి చోట గీసిన అంకెలను భూతద్దంతో చూసి, ఏది ముందుదో ఏది తర్వాతదో తేల్చేవాడు. నేను వెళితే రెండూ వరసగా వినిపించేవాడు. సూది దించేటప్పుడు ఊపిరి కూడా పీల్చకూడదనేవాడు.

"ఏందీ తేడా, చెప్పు వదినా."

"ఒకటి బుసకొడతాంది, ఇంకోటి కొట్టడంలేదు."

"నీ చెవులకు తాలింపు చప్పుడు తప్ప ఏదీ పట్టదులే."

అతను ఏళ్ల తరబడి వెతికింది మాత్రం ఒక్క రికార్డు కోసం. ముద్దనూరులో నా పెళ్లికి మైకుసెట్టు పెట్టారు. అప్పగింతలప్పుడు వేసిన పాటలో చివరి మాట దగ్గర గాయని గొంతు సాగి సాగి సన్నబడి ఆగిందని, అప్పటికి చిన్నపిల్లవాడైన మా మరిదికి గుర్తు. పెద్దయ్యాక ప్రొద్దుటూరులో అదే పాట కొన్నాడు. అందులో ఆ చివర లేదు, టక్కున తెగిపోయింది. మొదటి అచ్చులో తప్పక ఉంటుందని అతని నమ్మకం.

"మైకులో విన్న్యావు, గాలికి సాగింటాది లేప్పా," అని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం. అతనూ నవ్వేవాడు. మళ్లీ ఏదో ఊరి మైకుసెట్టు అంగడికి బస్సెక్కేవాడు.

పోయినేడు పులివెందులలో, మైకుసెట్టు మానేసిన ఒక సాయబుగారి ఇంటి అటక మీద ఆ మొదటి అచ్చు దొరికింది. అప్పటికి మా మరిదికి రెండు చెవులూ పోయాయి. చెవి మిషను పెట్టుకున్నా వినపడేది కాదు. అదేదో రెండేళ్లు ముందు దొరికి ఉండకూడదా అని ఇవాళ్టికీ నా మనసు మూలుగుతుంది.

నన్ను పిలిపించాడు. "ఇంట్లోవాళ్లయితే నేను బాధపడతానని లేకున్నా ఉందంటారు. నువ్వు ఉన్నదున్నట్టు చెప్తావు," అన్నాడు. చివరి మాట దగ్గర చెయ్యెత్తి, గొంతు ఆగగానే దించమన్నాడు.

ముందు ప్రొద్దుటూరు రికార్డు వేశాడు. చెయ్యెత్తాను, ఎత్తినంతలోనే దించాను. తర్వాత పాతది. గరగరల మధ్యనుంచి ఆ గొంతు సాగింది. నిజంగానే సాగింది. నా చెయ్యి పైనే ఉంది. అతను దాన్నే చూస్తున్నాడు.

"ఉంది గదా వదినా," అన్నాడు మెల్లగా. "నేను విన్న్యది గాలి కాదు గదా."

తల ఊపాను.

మళ్లీ వేశాడు. ఇంకోసారీ వేశాడు. ఆసారీ గొంతు సాగి ఆగిపోయింది, సూది పాట దాటి ఖాళీ గీతలోకి జారింది. చెయ్యి దించాలి. దించలేకపోయాను. మా మరిది సూదిని చూశాడు. మళ్లీ నా చేతినే చూస్తూ కూర్చున్నాడు.